సున్నితం ఎవరికి?

"ఆడవాళ్ళ పుస్తకం కదా మేడమ్, సున్నితంగా ఉండే అక్షరం పెట్టాను" అన్నాడు డిజైన్ చేసిన అబ్బాయి. కాసిపేట బొగ్గుబాయి కాలనీల ఆడవాళ్ళ గురించి నేను రాసిన వ్యాసాలవి. అట్ట మీద ఇంగ్లీషు పేరుకి బొదోని అక్షరం. నిలువుగీత లావు, అడ్డగీత వెంట్రుకంత. నాకూ నచ్చింది, అబద్ధమెందుకు? లోపలి తెలుగుకీ అదే తీరు: ఓ పక్క బొద్దుగా, ఓ పక్క దారంలా సాగే అక్షరం. అదీ 10 పాయింట్లలో, చవక కాగితం మీద.

మొదటి ప్రతి అమ్మ చేతిలో పెట్టాను. నాన్న బాయిల తట్టా చెమ్మస్ పట్టిన రోజుల్లో రాత్రిబడికి పోయి అక్షరాలు నేర్చిన మనిషి. పుస్తకాన్ని దగ్గరికీ దూరానికీ జరిపి చూసి, "బిడ్డా, గీతలు ఆనుతలేవు" అంది. సంఘం ఆడవాళ్ళకని కొన్ని పేజీలు జిరాక్స్ తీస్తే మరీ ఘోరం. 'ధ' కింది చిన్న గీత మాయమై 'ద' మిగిలింది. నేను పేజీల నిండా 'బాధ' అని రాశాను. వాళ్ళ చేతికి 'బాద' అని చేరింది.

ఈ అక్షరానికి ఆడతనం ఎవరు అంటగట్టారు? 18వ శతాబ్దం చివర పార్మాలో బొదోని, పారిస్‌లో దిదో కుటుంబం దీన్ని చెక్కినప్పుడు ఇది ఆస్థానాల అక్షరం, హోమర్‌నీ వర్జిల్‌నీ అచ్చేసిన అక్షరం. స్త్రీలకి అంటించింది తర్వాత వచ్చిన ఫ్యాషన్ పత్రికలూ సెంటు సీసాలూ. నిజంగా ఇందులో ఒక స్త్రీ ఉంది. 1813లో బొదోని చనిపోయాక ఆయన అక్షరాల మహాసంపుటాన్ని పూర్తి చేయించి 1818లో బయటికి తెచ్చింది భార్య మార్గెరీటా దల్లాల్యో. అక్షరానికి ఆమె పేరు లేదు. మన దగ్గర మాత్రం? పోతన, వేమన, పెద్దన, తిమ్మన, ధూర్జటి, గురజాడ, గిడుగు, సురవరం, ఎన్టీఆర్... ఇవన్నీ తెలుగు ఫాంట్ల పేర్లే. నా కంప్యూటర్‌లోని జాబితా అంతా వెతికాను. మొల్ల కనపడలేదు.

అందం వద్దని కాదు నేననేది. 1990ల మొదట్లో హార్పర్స్ బజార్ పత్రిక కోసం దిదో అక్షరాన్ని కొత్తగా గీసినప్పుడు ఏడు సైజులకి ఏడు రకాలుగా గీశారు. చిన్న సైజులోనూ సన్నగీత తెగిపోకూడదని ఆ జాగ్రత్త. నున్నటి కాగితం, మంచి సిరా, దానికి తగ్గ డబ్బు ఉన్నచోట సున్నితం నిలబడుతుంది. మనకి మాత్రం అట్ట మీది అక్షరాన్నే కుదించి లోపల పోస్తారు. పైగా అది మన స్వభావమంటారు! రచయిత్రుల కవితాసంపుటాలు ఒకసారి వరసగా పెట్టి చూడండి. ఆ సన్నగీతలు, ఓ మూల పువ్వు. గనుల మీద మగవాళ్ళు రాసిన పుస్తకాలకి మాత్రం నల్లటి మొద్దు అక్షరాలు. బొగ్గు పొయ్యి ముందు దగ్గింది ఎవరట?

మనమూ తక్కువ తినలేదు. ప్రూఫులు నాలుగుసార్లు దిద్దుతాం, అక్షరం ఏదని ఒక్కసారీ అడగం. నేనూ అడగలేదు.

రెండో ముద్రణకి గీతలన్నీ ఒకే మందంలో ఉండే అక్షరం, 13 పాయింట్లలో పెట్టమన్నాను. "బడిపుస్తకంలా ఉంటుంది మేడమ్" అన్నాడా అబ్బాయి. ఉండనీ అన్నాను. 32 పేజీలు పెరిగాయి. ఆ ఖర్చు నేనే పెట్టుకున్నాను. అమ్మ ఇప్పుడు మూడో వ్యాసంలో ఉంది, తన గురించి రాసిందాంట్లో రెండు తప్పులు పట్టింది.