గాయపడిన భుజము – పుట్టిన సంఘము



ఈ నెల మాటలాడబోవు విషయము పేరు వినగానే "మగవారి ఆటలతో మనకేమి పని?" యని పుట త్రిప్పివేయుదురేమో! కొంచె మోపిక పట్టుడు. ఇది ఆటను గూర్చిన కథయే యైనను దీని మూలము ఆటస్థలమున లేదు, వంటింటిలో నున్నది. సంపాదించువాని చేయి విరిగినచో ఆ నెల యిల్లు గడచుటెట్లన్న ప్రశ్నయే ఆస్ట్రేలియా దేశమందలి న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రమున రగ్బీ లీగు సంఘమునకు పుట్టుక నిచ్చినది.

రగ్బీ యనునది కోడిగ్రుడ్డు ఆకారము గల పెద్ద బంతిని చంకబెట్టుకొని, ఎదిరిపక్షమువారి నడుమనుండి పరుగెత్తి, వారి గీత కావల నేలకు తాకించు ఆట. బంతిని ముందునకు చేతితో విసరరాదు. వెనుక వచ్చు తోడివానికే యందీయవలెను. ఎదిరివారు మన చెడుగుడులో వలె మీదబడి పట్టి నేల గూల్తురు. కావున ఎముకలు విరుగుటయు, కీళ్లు తొలగుటయు నీ యాటలో నరుదు గాదు. కలవారి బిడ్డకు దెబ్బ తగిలినచో వైద్యుడు వచ్చును, విశ్రాంతి దొరకును. ఏనాటి కూలి ఆనాడు తెచ్చుకొనువాని గతి అట్లు గాదు.

ఈ భేదమే మొదట ఇంగ్లండులో ఆటను రెండుగా చీల్చినది. ఉత్తర ఇంగ్లండులోని గనులలోను, మిల్లులలోను పనిచేయువారు ఆటకై పని మానినప్పుడు ఆ పూట కూలి పోవుచుండెను. పోయిన కూలినైనను ఇచ్చుకొన ననుమతింపుడని 1893వ సంవత్సరమున లండనులో రగ్బీ యూనియను సభయందు కోరగా, వలదని 282 వోట్లును, సరియని 136 వోట్లును వచ్చెను. ఆటకు పైకము ముట్టరాదని పెద్దల వాదము. వినుట కుదాత్తముగనే యున్నది. కాని ఫలాపేక్ష లేక కర్మ చేయుమని యొకనికి బోధింపబోవువాడు, ముందుగా వాని యింట బిడ్డలు తినిరో లేదో విచారింపవలదా? 1895 ఆగస్టు 29వ తేదీన హడర్స్‌ఫీల్డు పట్టణమందలి జార్జి హోటలులో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై, పాత సంఘమును విడచి, నార్తరన్ యూనియను అను వేరు సంఘమును స్థాపించుకొనెను. పని పోయిన దినమునకు ఆరు షిల్లింగుల వరకు నీయవచ్చునని నియమము చేసిరి. పిమ్మట 1906లో పక్షమునకు పదునైదుగురుండిన ఆటగాండ్రను పదుముగ్గురికి తగ్గించిరి. ఇదియే రగ్బీ లీగు ఆట.

పండ్రెండేండ్లకు ఆ వాదమే సముద్రములు దాటి సిడ్నీ నగరమున తలయెత్తెను. 1907 జూలైలో న్యూజీలాండు జట్టుతో జరిగిన ఆటను చూచుటకు సుమారు 52,000 మంది వచ్చిరి. టిక్కెట్ల పైకమంతయు రగ్బీ యూనియను పెట్టెలో పడెను. ఆ యేడే అలెక్ బర్డన్ అను ఆటగాడు ఆటలో భుజము దెబ్బతిని పనికి పోలేకపోయెను. అతనికి పరిహార మేమియు ముట్టలేదు. వేలకొలది జనము రుసుము చెల్లించి చూచుచుండ, ఆడి గాయపడినవాని యింటికి మాత్రము ఒక్క కాసు రాకపోవుట యెంత వింత!

ఆనాడు లోకప్రసిద్ధుడైన క్రికెట్ ఆటగాడు విక్టర్ ట్రంపర్‌కు సిడ్నీలో ఆటసామగ్రి అంగడి యుండెను. అసంతృప్తి చెందినవారు అచట కూడి ముచ్చటించుకొనిరి. 1907 ఆగస్టు 8వ తేదీన బేట్‌మన్ క్రిస్టల్ హోటలులో సభ జరిగెను. న్యూ సౌత్ వేల్స్ రగ్బీ లీగు వెలసెను. కార్మికుల పక్షమున పేరుగాంచిన హెన్రీ హోయిల్ అధ్యక్షుడు, జేమ్స్ గిల్టినన్ కార్యదర్శి, ట్రంపర్ కోశాధికారి.

క్రొత్త సంఘమునకు జనము రావలెనన్న పేరుగల ఆటగాడొకడు కావలెను. ఆనాటి మేటి డాలీ మెసెంజర్. అతనిని పిలుచుటకు పోయిన పెద్దలు ముందుగా అతని తల్లి సమ్మతి గైకొనవలసి వచ్చెనని చెప్పుదురు. ఆమె యొప్పుకొనెను, కుమారుడు వచ్చెను. అదే నెలలో న్యూజీలాండునుండి ఇంగ్లండుకు పోవుచు సిడ్నీలో దిగిన జట్టును కూర్చినవాడు బాస్కర్‌విల్ అను యువకుడు. మరుసటి యేడు, స్వదేశమునకు మరలుచుండగా, బ్రిస్బేను నగరమున న్యుమోనియాతో ఆతడు మరణించెను. తోడి ఆటగాండ్రు 1908 జూన్ మాసమున వెల్లింగ్‌టనులో ఆట యొకటి నడపి, వచ్చిన పైకమును అతని తల్లి కిచ్చిరి. న్యూజీలాండులో క్రొత్త పద్ధతిని ఆడిన మొదటి ఆట యదియే. కొడుకును పోగొట్టుకొన్న తల్లికి పైకము కొడుకు గాదు. ఐనను ఆమెను మరువకుండుటయే ఈ యాటకు ఆ దేశమున పునాదియైనది.

ఇక సంఘపు కట్టుబాటు చూతము. 1908 జనవరి, ఫిబ్రవరి మాసములలో సిడ్నీ పేటలవారీగా క్లబ్బులేర్పడెను. గ్లీబ్ మొదటిది, పిమ్మట న్యూటౌన్, సౌత్ సిడ్నీ, బాల్మెయిన్ మున్నగునవి. ఏప్రిల్ 20వ తేదీన పోటీలు మొదలయ్యెను. ఆ యేడు తొమ్మిది క్లబ్బు లాడగా, కడపటి ఆటలో సౌత్ సిడ్నీ 14, ఈస్టరన్ సబర్బ్స్ 12 తెచ్చుకొనెను. క్లబ్బులు తమ ప్రతినిధులను సంఘమునకు పంపును. వారు నియమములు చేయుదురు. ఏ పేటలో కాపురముండువాడు ఆ పేటకే యాడవలెనను నియమము 1959 వరకు చెల్లెను. అందువలన ఆటగాడు ఇరుగుపొరుగువారి బిడ్డయై యుండెను. వాని గాయమును, వాని యింటి కష్టమును ఎరుగనివారు ఆ వీధిలో నుండరు.

ఇంత మంచి సంకల్పముతో పుట్టిన సంఘము రెండేండ్లు నిండకమునుపే లెక్కలకడ తొట్రుపడెను. గిల్టినన్ 1908లో జట్టును ఇంగ్లండునకు తీసికొనిపోయి, నష్టముపాలై, దివాలా తీసెను. ఇచట సంఘపు పద్దులను గూర్చి వివాదము లేచి, 1909లో స్థాపకులు మువ్వురును పదవులనుండి తొలగింపబడిరి. దయ యెంత యున్నను పద్దు సరిగా లేనిచో సంసారము నిలువదని ఇల్లు దిద్దుకొను మనకు వేరుగ చెప్పనక్కరలేదు. ఐనను ఉపకారము మరపునకు రాలేదు. ఆ పోటీలలో వరుస యాటల ముగింపున అగ్రస్థానమున నిలిచిన క్లబ్బునకు గిల్టినన్ పేర పతకఫలక మిచ్చుచున్నారు.

మరి స్త్రీల మాట? 1921 సెప్టెంబరులో సిడ్నీలో స్త్రీలే రెండు జట్లుగా ఈ యాట నాడగా, సుమారు 20,000 మంది చూడ వచ్చిరి. మాగీ మలోనీ యను ఆమె అందరిని అబ్బురపరచెను. కాని సంఘము వారికి ఆదరువు చూపలేదు. ఒకనాడు పెద్దలచే త్రోసివేయబడినవారే పెద్దలై కూర్చున్నప్పుడు తలుపు మూయుట శోచనీయము. స్త్రీల జాతీయ పోటీలు 2018లో నాలుగు జట్లతో మొదలయ్యెను. న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ రాష్ట్రముల మధ్య పురుషులకు 1980 నుండి జరుగుచున్న "స్టేట్ ఆఫ్ ఆరిజిన్" పోటీ అదే పేర స్త్రీలకును ఆ యేడే వచ్చెను. మలోనీ ఆడిన దినమునుండి తొంబది యేడేండ్లు గడచెను!

సంఘపు అధికారమును ఒకేరీతి నుండలేదు. 1983లో అది కంపెనీగా మారెను. తన గొప్ప పోటీని 1994 వరకు నడపి, 1995లో దేశసంఘమునకు అప్పగించెను. పిదప ప్రసార హక్కులకై రెండు పక్షములు పోరాడగా, 1997లో రెండు పోటీలు వేరువేరుగ జరిగెను. 1998లో అవి జాతీయ రగ్బీ లీగుగా నొకటయ్యెను. నేడు న్యూ సౌత్ వేల్స్ సంఘము రాష్ట్రపు జట్లను, తమ రాష్ట్రపు పోటీలను, బాలబాలికల ఆటలను చూచుకొనుచున్నది. పల్లెల ఆటను చూచు వేరు సంఘము 2019లో దీనిలో కలిసెను. ఉమ్మడి కుటుంబమున పెద్దకోడలు తాళపుచెవులు వేరొకరి కిచ్చి, పిల్లల పెంపకము చేపట్టినట్లున్నది.

అమ్మలారా, మనకును పొదుపు సంఘములు, మహిళాసమాజములు గలవు. వాటికి పేరు, పదవులు, వార్షికోత్సవములు వచ్చినకొలది మొదట ఎవరి కష్టము చూచి చేతులు కలిపితిమో అది మరచుట సులభము. సభ్యురాలు జబ్బుపడి వాయిదా కట్టలేని నెలలో సంఘ మామెతో నేమి పలికినదో దానినిబట్టియే ఆ సంఘపు విలువ కట్టవలెను. ఈ మాసపు సమావేశమున పద్దుపుస్తకము తెరచినప్పుడు రాని వాయిదా కనబడినచో, జరిమానా వ్రాయుటకు ముందు ఆమె యింటికి పోయి చూడుడు. బర్డన్ భుజము జ్ఞప్తి యుంచుకొనుడు.