"రెగ్యులేటర్ ఎక్కడుందిరా?"

మా అమ్మ మొదటిసారి డాలస్ వచ్చినప్పుడు, రాత్రి వంటిల్లు సర్దుతూ అడిగిన మాట ఇది. ఇక్కడ సిలిండర్ ఉండదనీ, గ్యాస్ గోడలోంచి పైపులో వస్తుందనీ చెప్పి నవ్వేశాను. "అయితే రాత్రిళ్లు కట్టేయరా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ ఇంట్లో నాలుగేళ్లుగా ఉంటున్నా గ్యాస్ ఎక్కడ ఆపాలో నాకు తెలియదు.

రెండు వారాల తర్వాత మేమిద్దరం ఆఫీసులో ఉండగా ఫోన్ చేసింది. సన్నని సెగ మీద పెట్టిన పప్పు పొంగి మంట ఆరిపోయింది. మా స్టవ్‌కు మంట ఆరితే గ్యాస్ దానంతట అదే ఆగే ఏర్పాటు లేదు. పెరట్లోంచి వచ్చేసరికి వాసన. అమ్మ స్టవ్ కట్టేసి, తలుపులు బార్లా తీసి, ఒక్క స్విచ్ కూడా ముట్టుకోకుండా బయటికి వెళ్లి ఫోన్ చేసింది. ఏ ప్రమాదమూ జరగలేదు. అది నా జాగ్రత్త వల్ల కాదు, ఆవిడకు ఏళ్ల తరబడి ఉన్న సిలిండర్ అలవాటు వల్ల. 911 అనే నంబరైనా నేను ఆవిడకు చెప్పి ఉండలేదు.

అప్పటినుంచి నాకు అనిపిస్తున్నది ఒక్కటే. మనం సిలిండర్‌తో పాటు దాని మీద ఉండే భయభక్తుల్ని కూడా ఊళ్లోనే వదిలేసి వచ్చాం. ఇక్కడి గ్యాస్ గురించి కొత్తగా నేర్చుకున్నదీ లేదు.

మన ఊళ్లో సిలిండర్ గ్యాస్ గాలి కన్నా బరువు. లీకైతే నేలబారున పేరుకుంటుంది. ఇక్కడ పైపులో వచ్చే సహజ వాయువులో ఎక్కువ భాగం మీథేన్. అది గాలి కన్నా తేలిక, కప్పు వైపు చేరుతుంది. రెండింటికీ సొంత వాసన లేదు, మనం పసిగట్టడానికే ఘాటు వాసన కలుపుతారు. ఇండియా నుంచి తెచ్చుకున్న స్టవ్‌ను ఈ పైపుకు తగిలించకూడదు. రెండు గ్యాసులకూ బర్నర్ లోపలి రంధ్రాల కొలత వేరు.

ఇక అసలు తప్పు మనం చేసేది అలారం దగ్గర. పోపు వేయగానే మోగుతోందని బ్యాటరీ పీకేసేవాళ్లు, ప్లాస్టిక్ కవరు తొడిగేవాళ్లు మన ఇళ్లలో ఎందరో. నేనూ వాళ్లలో ఒకడినే. "మనది పోపుల వంట, ఏం చేస్తాం" అంటాం. చేయగలిగింది చాలానే ఉంది. పోపు వెనక బర్నర్ మీద వేయాలి. నూనె కాగక ముందే పైన ఫ్యాన్ వేసి, ఒక కిటికీ తీయాలి. చాలా ఇళ్లలో స్టవ్ పైన ఉండే మైక్రోవేవ్ ఫ్యాన్ పొగను బయటికి పంపదు, వడకట్టి మళ్లీ వంటింట్లోకే వదులుతుంది. అలాంటి చోట కిటికీ తప్పనిసరి. బర్నర్ నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్ ఆస్తమా ఉన్న పిల్లలకు మంచిది కాదు.

స్టవ్ మరకలు పడకుండా అల్యూమినియం ఫాయిల్ పరవడం మనవాళ్ల మరో అలవాటు. అది బర్నర్‌కు గాలి అందకుండా అడ్డుపడితే మంట సరిగా మండదు, కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. మంట నీలంగా ఉండాలి. పసుపు నాలుకలు కనిపిస్తే బర్నర్ మూత తీసి కడిగి, ఆరబెట్టి, సరిగ్గా కూర్చోబెట్టాలి. అప్పటికీ మారకపోతే మనిషిని పిలిపించాలి. మంట గిన్నె అడుగు దాటి పక్కలకు ఎగబాకితే గ్యాసే దండగ, వంట తొందరగా అవ్వదు.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో కరెంటు పోయినప్పుడు, చలి కాచుకోబోయి దీనివల్ల ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఇక్కడ టెక్సాస్‌లోనే ఉన్నారు. ఎంత చలి ఉన్నా ఓవెన్ తలుపు తీసి ఇల్లు వెచ్చచేసుకోకూడదు. పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం రెండూ ఉండాలి. ఈ రెండూ గ్యాస్ లీకును పట్టవు, దానికి వేరే అలారం దొరుకుతుంది.

ఇండక్షన్‌కు మారితే ఈ గొడవే ఉండదని కొందరు అంటారు. నిజమే, వీలున్నవాళ్లు మారొచ్చు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు ఆ వీలు ఎక్కడిది?

అమ్మానాన్నలు వచ్చిన రోజు మనం టీవీ రిమోట్, వైఫై ముందు చూపిస్తాం. స్టవ్ ముందు చూపిద్దాం. టకటకమన్నా కాసేపటికి అంటుకోకపోతే కట్టేసి, వాసన పోయాకే మళ్లీ వెలిగించాలని చెబుదాం. నూనె అంటుకుంటే నీళ్లు పోయకుండా స్టవ్ కట్టేసి మూత పెట్టాలని, వాసన గట్టిగా ఉంటే స్విచ్చులు ముట్టుకోకుండా బయటికి వెళ్లి 911కు చేయాలని చెబుదాం. ఇంటి చిరునామా ఫ్రిజ్ మీద పెద్ద అక్షరాలతో రాసి పెడదాం.

అమ్మ అడిగిన రెగ్యులేటర్ కోసం ఆ శనివారం వెతికాను. స్టవ్ వెనక గోడ దగ్గర పైపు మీద చిన్న పిడి ఉంది. పైపుకు అడ్డంగా తిప్పితే గ్యాస్ ఆగుతుంది. ఊరికి వెళ్లేటప్పుడు ఇప్పుడు మేం దాన్ని కట్టేసే వెళ్తున్నాం. మీ ఇంట్లో అది ఎక్కడుందో ఈ వారాంతంలో ఒకసారి చూసుకోండి.