ఎవరో ఎత్తిన ఎత్తు మన లెక్కలోకి రాదు



ఈ వారం ఒక దిద్దుబాటుతో మొదలుపెడుతున్నాను. పోయిన నెల ఒక ఆదివారం ఆరాధన ముగిశాక నేనొక ప్రకటన చేశాను, గుర్తుందా? ఆస్ట్రేలియాలో ఉద్యోగం చేస్తున్న మన సంఘపు కుర్రాడు ఇంజిను లేని విమానంలో ఒంటరిగా 53 కిలోమీటర్లు ఎగిరాడనీ, వెండి బ్యాడ్జికి కావలసిన దూరం సాధించాడనీ చెప్పాను. మీరంతా చప్పట్లు కొట్టారు. వాళ్ళమ్మ కృతజ్ఞత కానుక వేసింది. కుప్పం నుంచి, బెంగళూరు నుంచి ఆన్‌లైన్‌లో చూస్తున్నవాళ్ళు కూడా అభినందనలు పంపారు.

ఆ ప్రకటనలో సగమే నిజం. వాడు 53 కిలోమీటర్లు ఎగిరింది నిజమే. కానీ ఆ దూరం బ్యాడ్జికి చెల్లలేదు. విషయం తేలకముందే వేదిక మీద చెప్పేసింది నేను. తప్పు నాది, వాడిది కాదు.

ఎందుకు చెల్లలేదో తెలిసిన దగ్గర నుంచి ఇంట్లో, సంఘంలో ఒకటే వాదన. "ఇంత దూరం పోయినోడికి లేదంటే అది న్యాయమా?" అని. ఆ నియమం న్యాయమేనని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను, కొంచెం ఓపికగా చదవండి.

ముందు ఈ గ్లైడర్ సంగతి. దీనికి ఇంజిను ఉండదు. ఒక మామూలు విమానం తాడు కట్టి దాన్ని పైకి లాక్కెళ్తుంది. కొన్నిచోట్ల నేల మీది యంత్రం తాడును చుట్టుకుంటూ పైకి లేపుతుంది. కొంత ఎత్తుకు పోయాక తాడు విడిచేస్తారు. అక్కడి నుంచి అది జారుతూ దిగడమే. దిగకుండా ఉండాలంటే పైకి లేచే గాలిని వెతుక్కోవాలి. మధ్యాహ్నపు ఎండలో మన బండ గుట్టల మీద గద్ద రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి పోవడం మీరు చూసే ఉంటారు. ఎండకు కాగిన నేల నుంచి లేచే వేడి గాలి దాన్ని మోస్తుంది. గ్లైడర్ నడిపేవాడు చేసేదీ అదే.

ఇది మన దేశానికి కొత్త కాదు. ఇక్కడ తయారైన గ్లైడర్లకు అశ్విని, భరణి, రోహిణి, మృగశిర, ఆర్ద్ర అని పేర్లు పెట్టారు. మన రైతులు విత్తనానికీ వానకూ లెక్కపెట్టుకునే కార్తెల పేర్లే అవి. అశ్విని 1958లో ఎగిరింది, రోహిణి 1961లో.

ప్రపంచమంతటా ఈ ఆటకు నియమాలు రాసేది అంతర్జాతీయ వైమానిక సమాఖ్య. 1905లో మొదలైంది. వాళ్ళు రాసిన స్పోర్టింగ్ కోడ్‌లో గ్లైడర్లకు ఒక భాగం ఉంది. వెండి బ్యాడ్జికి మూడు పనులు చేయాలి: 5 గంటలు గాలిలో ఉండాలి, ఎగురుతూ 1,000 మీటర్ల ఎత్తు సంపాదించాలి, కనీసం 50 కిలోమీటర్ల దూరం పోవాలి. బంగారు బ్యాడ్జికి 300 కిలోమీటర్లు. దానిపైన వజ్రాలున్నాయి, వాటిలో ఒకదానికి 500 కిలోమీటర్లు. 2003 జనవరిలో జర్మనీకి చెందిన క్లౌస్ ఓల్‌మన్ అర్జెంటీనాలో ఆండీస్ కొండల గాలి మీద ఒక్క రోజులో 3,009 కిలోమీటర్లు ఎగిరాడు. మన దేశం ఉత్తరం నుంచి దక్షిణం దాకా 3,214 కిలోమీటర్లని బడిలో చదువుకున్నాం కదా, దానికి కొంచెమే తక్కువ. గాలి బలం మీదే!

ఇక మన కుర్రాడి సంగతికి వస్తాను. విమానాశ్రయం వదిలి దూరం పోవడం వాడికి అదే మొదటిసారి. భయం ఉంటుంది కదా. అందుకని లాగే విమానాన్ని ఇంకొంచెం పైకి తీసుకెళ్ళమన్నాడు. నేల నుంచి 800 మీటర్ల ఎత్తులో తాడు విడిచాడు. 53 కిలోమీటర్ల అవతల ఇంచుమించు అదే మట్టంలో ఉన్న ఇంకో మైదానంలో క్షేమంగా దిగాడు. వెంటనే వాళ్ళమ్మకు ఫోన్ చేశాడు. ఆమె నాకు చెప్పింది. నేను మీకు చెప్పాను.

వారం తర్వాత వాడే నాకు ఫోన్ చేశాడు. "అయ్యగారూ, నాది చెల్లలేదు. ఎత్తు లెక్క తప్పింది" అన్నాడు.

ఆ లెక్క ఇది. 100 కిలోమీటర్ల లోపు దూరానికి, తాడు విడిచిన ఎత్తుకూ దిగిన చోటుకూ మధ్య తేడా ఆ దూరంలో నూటికి ఒక వంతు మించకూడదు. 53 కిలోమీటర్లకు 530 మీటర్లు. మనవాడిది 800. అంటే 270 మీటర్లు ఎక్కువ. మనకు తెలిసిన దారిలో చెప్పుకుందాం. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పానికి బస్సులో పోతే వంద కిలోమీటర్లు దాటుతుంది. పక్షి పోయే దారిలో కొలిస్తే సుమారు 90. ఆ దారిలో గ్లైడర్ పోతే 900 మీటర్ల తేడా వరకే ఒప్పుకుంటారు. 901 అయితే ఒప్పుకోరు.

వాళ్ళమ్మ నన్ను అడిగింది: "అయ్యా, నా బిడ్డ అంత దూరం పోయింది నిజమే కదా. ఇందులో అబద్ధమేముంది?"

అబద్ధం లేదమ్మా. అయినా ఒక ప్రశ్న ఉంది. మంచి గ్లైడర్ ఒక మీటరు కిందికి దిగేలోపు 35, 40 మీటర్లు ముందుకు జారుతుంది. 800 మీటర్ల ఎత్తు ఉంటే, పైకి లేచే గాలి ఒక్కసారి కూడా దొరకకపోయినా 28 కిలోమీటర్లు ఊరకే పోవచ్చు. అంటే ఆ 53లో సగానికి పైగా దూరం తాడు కట్టి లాగిన విమానం ఇచ్చింది. ఇంకా ఎత్తుకు లాగించుకుంటే గాలితో పనే లేకుండా 50 దాటవచ్చు. మరి ఆ బ్యాడ్జి దేనికి? గాలిని కనిపెట్టి, దాన్ని పట్టుకుని, దాని మీద ప్రయాణం చేయడం వచ్చినవాడికి. ఎవరో ఎత్తిన ఎత్తును అమ్ముకుని పోయిన దూరం వేరు, తాను సంపాదించిన ఎత్తుతో పోయిన దూరం వేరు. ఈ రెంటినీ విడదీయడానికే ఆ ఒక్క శాతం నియమం. 100 కిలోమీటర్లు దాటిన దూరాలకు కూడా ఇదే న్యాయం: 1,000 మీటర్లకు మించి ఎంత తేడా ఉంటే దానికి వంద రెట్లు దూరంలో కోసేస్తారు. పది మీటర్లు మించితే కిలోమీటరు పోయినట్టే.

ఇక సాక్ష్యం సంగతి. ఈ ఆటలో "నేను పోయాను" అంటే సరిపోదు. అధికారిక పరిశీలకుడు ఒకరు ఉండాలి. తాను ఎగిరినదానికి తానే పరిశీలకుడుగా ఉండకూడదు. పాత రోజుల్లో గ్లైడర్‌లో బారోగ్రాఫ్ అనే పెట్టె పెట్టేవాళ్ళు. గడియారంలా తిరిగే డబ్బాకు మసి పట్టించిన రేకు చుట్టి ఉండేది, దాని మీద ముల్లు ఎత్తును గీసేది. ఎగరకముందే పరిశీలకుడు దానికి సీలు వేసేవాడు. మలుపు తిరిగిన చోటును ఫోటో తీసుకురావాలి. ఊరు కాని ఊళ్ళో, పొలంలో దిగితే అక్కడున్న ఇద్దరితో పేరు, చిరునామా రాయించి సంతకం పెట్టించుకోవాలి. ఆ ఇద్దరు గొర్రెలు కాసేవాళ్ళు కావచ్చు, పొలం రైతు కావచ్చు. గొప్ప పైలట్ రికార్డు ఆ పల్లెటూరి మనిషి సంతకం మీద నిలిచేది. ఇద్దరు ముగ్గురు సాక్షుల మాట మీదే సంగతి స్థిరపడాలని ద్వితీయోపదేశకాండం 19లో మనం చదివే పద్ధతి అక్కడ కూడా నడిచింది.

ఇప్పుడు ఆ పని చిన్న పరికరం చేస్తుంది. కొన్ని సెకన్లకొకసారి సమయం, స్థలం, ఎత్తు రాసుకుంటుంది. చివర తన ముద్ర వేస్తుంది. ఆ ఫైలులో తర్వాత ఒక్క అంకె మార్చినా ముద్ర సరిపోదు, పరీక్షలో పట్టుబడుతుంది. ముందుగా గమ్యం ప్రకటించి ఎగరాల్సిన పోటీల్లో, నేల విడవకముందు ఇచ్చిన చివరి ప్రకటనే లెక్క. గాలి ఎటు తీసుకుపోతే అటు పోయి, దిగాక "నేను అనుకున్నది ఇదే" అనడానికి వీల్లేదు.

"ఇంత అనుమానం దేనికి అయ్యగారూ, మంచోడి మాట చాలదా?" అని సంఘపెద్ద ఒకాయన అడిగాడు. మంచి ప్రశ్నే. నా జవాబు ఇది. ఆ నియమం మంచివాడిని అనుమానించడానికి పుట్టలేదు, వాడిని కాపాడటానికి పుట్టింది. మన ప్రాంతంలోనే చూడండి. పొట్టిగా ఉన్న ప్రతి ఆవూ పుంగనూరు ఆవు కాదు. తల్లి ఏది, తండ్రి ఏది అని రాసిపెట్టుకున్న రైతుకు ఆ రాత వల్ల నష్టమా, లాభమా? రాత లేని చోట నిజమైన ఆవుకూ, కాని ఆవుకూ ఒకే మాట, ఒకే సందేహం. పాల కేంద్రంలో వెన్న శాతం కొలవకపోతే నీళ్ళు కలపనివాడే ముందు నష్టపోతాడు.

ఆ పెద్దాయన మాటలో ఒక న్యాయం కూడా ఉంది. రుజువు చూపడం డబ్బున్నవాడికే సాధ్యమయ్యేంత ఖరీదు కాకూడదు. ఈ సమాఖ్య కూడా దాన్ని గ్రహించింది. ప్రపంచ రికార్డుకు ఖరీదైన ఆమోదిత పరికరం కావాలి గానీ, వెండి, బంగారు బ్యాడ్జిలకు మామూలు జీపీఎస్ పరికరాల్లో ఆమోదం పొందినవాటినీ ఒప్పుకుంటున్నారు. పరికరం ఖర్చు తగ్గించారు, పరిశీలకుణ్ణి మాత్రం తీసేయలేదు. మన సంఘాల్లోనూ అంతే చేయాలని నా మనవి. కానుకల లెక్కకు పెద్ద కంప్యూటరు అక్కర్లేదు, నోటు పుస్తకం చాలు, ఫోన్‌లో తీసిన ఫోటో చాలు. ఒక్కరే లెక్కపెట్టడం మాత్రం వద్దు. ఆ ఒక్కరు పాస్టరయినా సరే వద్దు.

ఈ ఆటలో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. పోటీలో గమ్యం చేరలేక మధ్యలో పొలంలో దిగినవాడికి సున్నా వేయరు. ఎక్కడిదాకా వచ్చాడో అక్కడిదాకా దూరం లెక్కకట్టి మార్కులు ఇస్తారు. వేగం మార్కులు పోతాయి, దూరం మార్కులు ఉంటాయి. కాబట్టి మధ్యలో దిగినందుకు సిగ్గుపడాల్సిన పని లేదు. దిగిన చోటు ఒకటి, చెప్పిన చోటు ఇంకొకటి అయితేనే సిగ్గు. పౌలు తిమోతికి రాసిన రెండో ఉత్తరంలో ఆటగాడి మాట ఎత్తి చెప్పింది కూడా ఇదే కదా. గెలుపు ఆట కట్టుబాటులో ఉండి వచ్చిందా అన్నదే ప్రశ్న.

మన ఇళ్ళలో చెప్పుకునే విజయాలను కూడా ఈ లెక్కతో ఒకసారి చూసుకుందాం. "నేను సొంతంగా పైకొచ్చాను" అని సాక్ష్యాలు చెప్తుంటాం. తాడు ఎక్కడ విడిచామో చెప్పం. మన ఫీజుకు టమాటా బాక్సులు మదనపల్లె మార్కెట్‌కు మోసిన నాన్న ఉంటాడు. తన చదువు ఆపుకుని తమ్ముణ్ణి చదివించిన అక్క ఉంటుంది. తెల్లారుజామున కుప్పంలో రైలెక్కి బెంగళూరులో పని చేసి, రాత్రికి ఇంటికొచ్చే అన్న ఉంటాడు. వాళ్ళు లాగిన ఎత్తు మీద కొంత దూరం ఊరకే జారుతూ వచ్చాం. అది పాపం కాదు. తాడు లేకుండా ఏ గ్లైడరూ లేవదు. ఆ ఎత్తును మన ఖాతాలో రాసుకోవడమే తప్పు. అది వాళ్ళ పేరున రాసి, ఆ తర్వాత మనం ఎంత పోయామో చెబుదాం. చిన్న అంకె వస్తే రానివ్వండి.

మనవాడు ఏమన్నాడో చెప్పి ముగిస్తాను. "బాధగా ఉందా నాయనా?" అని అడిగాను. "మొదటి రెండు రోజులు ఉండె అయ్యగారూ. పరిశీలకుడాయన స్క్రీన్ మీద గీత చూపించి, నేను ఎక్కడ గాలి పట్టుకున్నానో, ఎక్కడ ఊరకే దిగుతూ పోయానో చూపించినాడు. చూస్తే ఆయన చెప్పింది నిజమే. ఈసారి 500 మీటర్ల దగ్గరే తాడు విడిచేస్తా" అన్నాడు. 53 కిలోమీటర్లకు 530 మీటర్ల దాకా ఒప్పుకుంటారు కాబట్టి అది చాలు. 500 దగ్గర గాలి దొరకకపోతే వెనక్కి తిరిగి అదే మైదానంలో దిగిపోతాడట. దానికి కూడా సిద్ధపడ్డాడు.

వచ్చే ఆదివారం నేను వేదిక మీద ఈ దిద్దుబాటు చదువుతాను. సంఘం మినిట్స్ పుస్తకంలో పాత ప్రకటనను కొట్టేయను. దాని కిందనే సరైన సంగతి రాసి, ఇద్దరు పెద్దలతో సంతకం పెట్టిస్తాను. వాళ్ళమ్మతో మాట్లాడాను. కానుక వెనక్కి ఇవ్వమంటారా అని అడిగితే నవ్వింది. "వద్దయ్యా, బిడ్డ క్షేమంగా దిగినాడు కదా, దానికే వేసినా అనుకోండి" అంది.