కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి

"కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి" అని మా ఊళ్లో ముసలివాళ్లంటారు. ఈ సామెత నిజమని తెలుసుకోవడానికి రైతుబిడ్డకు ఏ పుస్తకమూ అక్కర్లేదు. పత్తి మూటలేసుకుని మార్కెట్టుకు పోయిననాడు మా నాయిన ధర చెప్పడు. కొనేవాడే మూటలో చెయ్యి పెట్టి, తేమ ఎక్కువుందని పెదవి విరిచి, ధర తానే చెబుతాడు. అయితే ఇదే సామెతను లక్డీకాపూల్‌లో, ఒక పాత గిటారు దగ్గర కూర్చుని మళ్లీ నేర్చుకోవలసి వస్తుందని నేననుకోలేదు.

నేనుండేది లక్డీకాపూల్ స్టేషన్‌కు దగ్గర్లో ఒక సందులో, మేడమీది గదిలో. కింద ఇంటాయన గుమాస్తాగా పనిచేసి రిటైరైన పెద్దమనిషి. నేను 'సార్' అంటాను, ఆయన 'బిడ్డా' అంటాడు. ఆయన మంచం కింద ఒక నల్లపెట్టె ఉంది. అందులో ఉన్నది హవాయి గిటారు. ల్యాప్ స్టీల్ అని కూడా అంటారు. దీన్ని ఒళ్లో పడుకోబెట్టి వాయిస్తారు. తీగల్ని వేళ్లతో నొక్కరు. ఎడమచేత్తో ఉక్కుకడ్డీ పట్టుకుని తీగల మీద జారుస్తారు, మన గోటువాద్యం మీద కొయ్యముక్క జార్చినట్టే. గమకం మరిగిన మన చెవికి ఈ జారుడు కొత్తేమీ కాదు.

ఈ పద్ధతిని హవాయి దీవుల్లో జోసెఫ్ కెకుకు అనే కుర్రవాడు బడిలో చదివే రోజుల్లో, పందొమ్మిదో శతాబ్దం చివర, ప్రచారంలోకి తెచ్చాడని చెబుతారు. మనలో చాలామందికి తెలియని సంగతి మరొకటుంది. వ్యాపారంలో నిలదొక్కుకున్న మొట్టమొదటి ఎలక్ట్రిక్ గిటారు ఈ ఒళ్లో గిటారే! 1932లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. గుండ్రటి ఒళ్లు, పొడుగాటి మెడ చూసి జనం దాన్ని 'వేపుడు పెనం' అన్నారు. 1937లో దానికి పేటెంటు వచ్చింది. తీగల దగ్గర అయస్కాంతం, రాగి చుట్ట, ఉక్కు తీగ కదిలితే చుట్టలో పుట్టే కరెంటు. మనం లాబ్‌లో గాల్వనోమీటరు ముల్లు కదిలితే సంబరపడే ఫారడే సూత్రమే అది. ఆ అయస్కాంతమూ చుట్టా కలిసిన భాగాన్ని పికప్ అంటారు.

మన దేశంలో దీనికి కలకత్తా పుట్టిల్లులాంటిది. హవాయి సంగీతకారుడు టౌ మో అక్కడ కొన్నేళ్లుండి వాయించాడు, నేర్పాడు. తరువాత బ్రిజ్‌భూషణ్ కాబ్రా దీని మీద హిందుస్తానీ రాగాలు పలికించాడు. శివకుమార్ శర్మ సంతూరుతో, హరిప్రసాద్ చౌరాసియా వేణువుతో కలిసి ఆయన చేసిన రికార్డు 1967లో వచ్చింది. మా సార్ కుర్రతనంలో అది విని ఈ వాద్యం మీద మనసు పడ్డారట. సికింద్రాబాదులో ఒక బ్యాండు వాయిద్యగాడు దేశం విడిచి పోతూ అమ్మితే, రెండు నెలల జీతం పెట్టి కొన్నారు. చికాగోలో తయారైన సుప్రో గిటారు.

నిరుడు సార్‌కు కంటి ఆపరేషను అవసరమైంది. "గిటారు అమ్మి పెట్టు బిడ్డా, నీకు ఫోన్లో అన్నీ తెలుసు గదా" అన్నారు. మొదట ఆబిడ్స్‌లో అడిగాను. ఒకాయన పెట్టె తెరిచి కూడా చూడకుండా, "ఎవరు వాయిస్తారు? గోడకు తగిలించుకోవాలె" అని 2,000 అన్నాడు. ఫోటోలు పెడితే వేరే ఊరినుంచి ఒకాయన 35,000 ఇస్తానన్నాడు. వచ్చి చూసి తీసుకుంటానన్నాడు.

ఇక్కడే నేను నా తెలివి చూపించాను. మా ఊళ్లో ఎద్దును సంతకు తోలేముందు కడుగుతారు, కొమ్ములు చెక్కి రంగు వేస్తారు. గిటారు మీది మీగడరంగు పెచ్చులూడి ఉంది. సార్ కూతురింటికి పోయిన వారంలో నేను దాన్ని నాంపల్లిలో బండ్లకు రంగులేసే షెడ్డుకు పట్టుకుపోయి, గరుకు కాగితంతో రుద్దించి, నిగనిగలాడే నల్లరంగు కొట్టించాను. చూసి మురిసిపోయాను కూడా.

కొనే మనిషి వచ్చాడు. పెట్టె తెరిచాడు, ఒక్క నిమిషం మాట్లాడలేదు. పాత వాద్యాలు సేకరించేవాళ్లకు మొదట వేసిన రంగే కావాలట, పెచ్చులూడినా సరే. అసలు మరలు, అసలు పికప్, అసలు పెట్టె ఉంటేనే ధర. కొత్త రంగు వేస్తే ఆ ధర పోయినట్టే. చివరికి, "పికప్ ఒక్కటి విప్పి ఇవ్వండి, 15,000 ఇస్తాను. చెక్క మీరే ఉంచుకోండి" అన్నాడు.

నాకు సంతలో ముసలెద్దు గుర్తుకొచ్చింది. దున్నేవాడు అడిగే ధర వేరు, కోతకు తోలుకుపోయేవాడు అడిగే ధర వేరు. ఎద్దు మాత్రం ఒక్కటే.

తరువాత తెలుసుకున్నాను. ఇది ప్రపంచమంతటా జరిగేదే. ఒకే కాలంలో ఒకే కంపెనీ చేసిన గిటార్లలో నిలబడి వాయించేవి లక్షలు పలుకుతుంటే, ఒళ్లో వాయించేవి చాలావరకు అందులో కొసరుకే పోతాయి. నాణ్యం తక్కువై కాదు, వాయించేవాళ్లు తక్కువై. నిజానికి మామూలు గిటారు మెడ కొంచెం వంగినా, మెట్లు అరిగినా వాయించడం కష్టం. దీనికి మెట్లతో పనే లేదు, అవి వట్టి గీతలు. అరవై డెబ్భై ఏళ్లయినా పలుకుతుంది. అంత మన్నిక ఉన్న వస్తువును ముక్కలుగా విప్పి అమ్మడం లాభమైంది!

రై కూడర్ అనే అమెరికన్ వాద్యకారుడు పాత ల్యాప్ స్టీల్ పికప్ తీసి తన మామూలు గిటారుకు బిగించుకున్నాడు. ఆ నాదం నచ్చి అలాంటి పికప్‌ల కోసం జనం వెతకసాగారు. చిత్రమేమంటే, మన విశ్వమోహన్ భట్‌తో కలిసి వాయించి 1994లో గ్రామీ అందుకున్నదీ ఆ కూడరే. భట్‌గారి మోహనవీణ ఈ ఒళ్లో గిటారు వంశంలోదే. ఒకే మనిషి చెయ్యి ఒకవైపు ఈ వాద్యాన్ని విప్పించింది, మరోవైపు దాని వంశాన్ని గౌరవించింది.

కాబట్టి పికప్ కొనేవాడిని నేను తప్పుపట్టను. ఆ ముక్క ఇంకో గిటారులో మోగుతుంది. గోడకు తగిలించేవాడినీ తిట్టను. నేను చెప్పేదొక్కటే. ధర అనేది వస్తువు విలువ చెప్పదు, కొనేవాడి అవసరం చెబుతుంది. సేకరించేవాడికి రంగు కావాలి, విప్పేవాడికి పికప్ కావాలి, మొత్తం గిటారు కావలసింది వాయించేవాడికి ఒక్కడికే. వాడు బజారులో లేనప్పుడు ముక్కలే గెలుస్తాయి. కాబ్రా వంటి ఒక్క మనిషి వాయిస్తే లక్డీకాపూల్‌లో ఒక గుమాస్తా రెండు నెలల జీతం పెట్టాడు. వాద్యానికి విలువ పెంచాలంటే వాయించేవాణ్ణి తయారు చెయ్యాలి. వేరే దారి లేదు.

సార్ ఊరినుంచి వచ్చి నల్లరంగు చూశారు. నన్ను ఒక్క మాటనలేదు. కాసేపటికి గిటారును పాత వాల్వు రేడియో వెనక గ్రామఫోను సాకెట్టుకు తగిలించి, కడ్డీ తీసుకుని ఒళ్లో పెట్టుకున్నారు. ఒక్క తీగ మీటారు. "నాదం పోలేదులే బిడ్డా" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

విద్యార్థి సంఘం మిత్రులకు, అధ్యాపకులకు, పూర్వ విద్యార్థులకు నా మనవి ఇది. వార్షికోత్సవంలో ఒక్క సాయంత్రం స్పీకర్లకు, దీపాలకు మనమిచ్చే అద్దెలో కొంత మిగిలిస్తే ఈ గిటారు మన కళాశాలదవుతుంది. 20,000కు ఇస్తానని సార్ ఒప్పుకున్నారు. నేర్చుకునేవాళ్లుంటే ఆదివారాలు వచ్చి ఉచితంగా నేర్పుతానన్నారు. రంగు కొట్టించిన పాపానికి మొదటి 3,000 నావి, ట్యూషన్లు చెప్పి కూడబెట్టినవి.

పికప్ బేరం ఇంకా ఉంది. ఆ మనిషి వారానికోసారి ఫోను చేస్తూనే ఉన్నాడు. ఆపరేషను ఎక్కువకాలం ఆగదు. నేనిది రాసి ఇచ్చేనాటికి గిటారు మాత్రం సార్ మంచం కిందే, ముక్క కాకుండా ఉంది.

— బి.యస్సీ. తృతీయ సంవత్సరం