గుండెకు సెలవిస్తే...

చెయ్యి విరిగితే పుత్తూరు కట్టో, పిండికట్టో వేయించుకుంటాం. నెలా నెలన్నర కదపకుండా ఉంచితే ఎముక అతుక్కుంటుంది. మరి గుండె దెబ్బతింటే? దానికి ఒక్క పూట కూడా సెలవివ్వలేం. ఎంత నీరసించినా రోజుకు లక్షసార్లు కొట్టుకోవలసిందే. అందుకే గుండె కండరం సాగి వదులైపోతే ఇక మార్పిడే గతి అని వైద్యులు చాలాకాలం నమ్మారు.

ఆ నమ్మకాన్ని కదిపింది ఓ పంపు. ఎడమ జఠరికలోని రక్తాన్ని తోడి బృహద్ధమనిలోకి పంపే చిన్న యంత్రమిది. పొట్ట దగ్గర చర్మంలోంచి తీగ బయటికొస్తుంది, బ్యాటరీలు ఒంటికి తగిలించుకుని తిరగాలి. ఇప్పటి పంపులు రక్తాన్ని ఆగకుండా తోస్తుంటాయి కాబట్టి చాలామందికి నాడి కూడా సరిగా అందదు. (కొత్త డాక్టరు చెయ్యి పట్టి చూస్తే కంగారుపడాల్సిందే!) వేరే గుండె దొరికేదాకా ప్రాణం నిలపడానికే దీన్ని మొదట్లో వాడారు. అయితే పంపు మీదున్న కొందరిలో ఉబ్బిన గుండె మళ్లీ చిన్నదవడం వైద్యుల కంటపడింది.

లండన్ శివార్లలోని హేర్‌ఫీల్డ్ ఆస్పత్రిలో సర్జన్ మగ్దీ యాకూబ్ బృందం ఆ దారి పట్టుకుంది. పంపుతో విశ్రాంతినిస్తూనే గుండె మందులు పెద్ద మోతాదుల్లో ఇచ్చారు. గుండె చిన్నదయ్యాక కండరం చిక్కిపోకుండా క్లెన్‌బ్యుటెరాల్ వాడారు. ఇది ఉబ్బసం మందు. కండల మోజున్న కుర్రాళ్లు దొంగచాటుగా మింగేదీ ఇదే, వారికది ప్రమాదం. 2006లో ఫలితాలు వెల్లడించారు: 15 మందిలో 11 మందికి పంపు తీసేయగలిగారు. వారిలో ఒకరు మాత్రం మర్నాడే గుండె లయ తప్పి చనిపోయారు.

అమెరికాలో ఆరు కేంద్రాలు 40 మందితో, ఈసారి క్లెన్‌బ్యుటెరాల్ లేకుండా ప్రయత్నించాయి. 2020లో వచ్చిన లెక్క ప్రకారం 16 మందికి ఏడాదిన్నరలోపే పంపు తీసేశారు. ఆ తర్వాత ఏడాదిపాటు వారికి మళ్లీ పంపుగానీ మార్పిడిగానీ అవసరం పడలేదు.

ఇది అందరికీ కాదు. గుండెపోటుతో మచ్చకట్టిన కండరం తిరిగి రావడం కష్టం. చిన్న వయసు, జబ్బు కొత్తగా వచ్చిందై ఉండటం కలిసొస్తాయి. అయినా మామూలుగా వందకు ఒకరిద్దరికే పంపు తీస్తున్నారంటే, కోలుకున్నవారు తక్కువా, వెతికేవారు తక్కువా అన్న అనుమానం రాకమానదు. పంపు ఉన్నన్నాళ్లూ తీగ దగ్గర చీము పట్టే భయం, పక్షవాతం భయం వెన్నాడుతూనే ఉంటాయి మరి.

మీ ఇంట్లో పంపుతో ఉన్నవారుంటే మందులు సొంతంగా మార్చకండి. పంపు వేగం తగ్గించి, ఎకో తీసి, ఆరు నిమిషాలు నడిపించే పరీక్ష తమకు పనికొస్తుందేమో డాక్టరుగారిని అడగండి.