ట్యాబ్ పాడైందని అనేముందు చార్జర్ వెనక చిన్న అక్షరాలు చదవండి

కొంచెం పెద్ద పోస్టు. ఓపిగ్గా చివరిదాకా చదవండి.

మేము పాడేరు ఏజెన్సీ నుంచి కిందికి వచ్చి హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదటివాళ్లం. రూములో ఎనిమిది మందిమి, ప్లగ్ పాయింట్లు రెండే. అందుకే వంతులు పెట్టుకున్నాం. సాయంత్రం ఆరు నుంచి రాత్రి రెండు దాకా ఒక్కొక్కరికి రెండేసి గంటలు. ఆ రెండు గంటల్లో ఎంత ఎక్కితే అంతే, మర్నాడు దాంతోనే చదువు.

మాలో ఒక తమ్ముడికి వాళ్ల నాన్న కాఫీ గింజలమ్మిన డబ్బులతో ట్యాబ్ కొనిచ్చాడు. దాంతో వచ్చిన చార్జర్ వానలో తడిసి పోయింది. బజార్లో నూట యాభై రూపాయలకు ఇంకోటి కొన్నాడు, కేబుల్‌తో సహా. పైన పెద్ద అక్షరాలతో ఫాస్ట్ చార్జర్, 65 వాట్స్ అని ఉంది. అప్పట్నుంచి రెండు గంటలు పెట్టినా ఇరవై శాతం మించి ఎక్కేది కాదు. చార్జింగ్ పెట్టి వీడియో చూస్తుంటే ఎక్కడం పోయి దిగేది. ఒకరోజు మాక్ టెస్ట్ రాస్తుండగా ఆగిపోయింది. రిపేర్ షాపులో బ్యాటరీ పోయింది, రెండు వేల ఐదు వందలు అవుద్దన్నారు. క్లాసులో ఒకరైతే నవ్వుతూ "మీ కొండోళ్లకి ఇవి వాడటం రాదురా" అన్నారు. ఆ తమ్ముడు ఏమీ అనలేదు. ట్యాబ్ ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసేశాడు. నెల రోజులు తియ్యలేదు.

చివరికి ఒక సీనియర్ అన్న ఆ చార్జర్ తిప్పి, వెనకున్న చిన్న అక్షరాలు ఫోన్ కెమెరాతో పెద్దవి చేసి చదివాడు. అవుట్‌పుట్ 5 వోల్ట్స్, 1 యాంప్ అని ఉంది. అంటే 5 వాట్లు. ముందు 65, వెనక 5! ఆ రాత్రి ఇంకొకరి 15 వాట్ల చార్జర్, మంచి కేబుల్ పెట్టి చూశాం. రెండు గంటల్లో పది నుంచి ఎనభై శాతానికి వచ్చింది. బ్యాటరీకి ఏమీ కాలేదు, తమ్ముడి తప్పూ లేదు.

మేము చెప్పదల్చుకున్నది ఇదే. వస్తువు సరిగ్గా పనిచేయకపోతే మనకు చేతకాదని ముందు మనమే అనుకుంటున్నాం. పక్కోళ్లు అంటే నమ్మేస్తున్నాం. ముందు ఆ చిన్న అక్షరాలు చదువుదాం.

లెక్క చాలా తేలిక. వోల్ట్స్‌ని యాంప్స్‌తో గుణిస్తే వాట్లు. 5 వోల్ట్స్, 2 యాంప్స్ అయితే 10 వాట్లు. 9 వోల్ట్స్, 2 యాంప్స్ అయితే 18. ఇప్పుడు 7,000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్న ట్యాబ్ తీసుకోండి. అందులో పట్టేది సుమారు 27 వాట్ అవర్స్. 5 వాట్ల చార్జర్‌తో, ట్యాబ్ ముట్టుకోకుండా ఉంచినా, వేడిగా పోయేది కూడా కలుపుకుంటే ఆరు గంటలు దాటుతుంది. మా వంతు రెండు గంటలే. ఇంక ఎప్పటికి నిండుతుంది?

పెద్ద చార్జర్ పెడితే ట్యాబ్ కాలిపోతుందని చాలామంది భయపడతారు. సరైన చార్జర్ అయితే ఆ భయం అక్కర్లేదు. గెడ్డలో ఎన్ని నీళ్లున్నా బిందెకి పట్టినన్నే కదా. మంచి సి టైప్ ఫాస్ట్ చార్జర్ ముందు 5 వోల్ట్స్‌తోనే మొదలవుతుంది, ట్యాబ్ అడిగితేనే పెంచుతుంది. ఇద్దరి పద్ధతీ కలవకపోతే మామూలు వేగంతోనే ఎక్కుతుంది. అందుకే కొనేముందు మీ ట్యాబ్ ఎన్ని వాట్లు తీసుకుంటుందో, ఏ పద్ధతి ఫాస్ట్ చార్జింగో దాని పెట్టె మీదో, పాత చార్జర్ మీదో చూసుకోండి. ఇప్పుడొచ్చే చాలా ట్యాబ్‌లకు పవర్ డెలివరీ, అంటే పీడీ అని రాసున్న చార్జర్ సరిపోతుంది.

కేబుల్ సంగతి చాలామంది మర్చిపోతారు. సన్నగా, పొడుగ్గా ఉన్న కేబుల్లో కరెంటు దారిలోనే తగ్గిపోతుంది. ఒక మీటరు లోపు, కాస్త మందంగా ఉన్నది తీసుకోండి. కొన్ని చవక కేబుళ్లలో డేటా తీగలు ఉండవు. అలాంటి కేబుల్‌తో కొన్నిసార్లు ట్యాబ్ చార్జర్‌ని గుర్తుపట్టక తక్కువ కరెంటే తీసుకుంటుంది. కాలేజీ కంప్యూటర్‌కి పెట్టి చూడండి. ఫైల్ ట్రాన్స్‌ఫర్ నొక్కినా ట్యాబ్ కనపడకపోతే కేబుల్ని అనుమానించండి.

వెనక రాసింది కూడా అబద్ధం కావచ్చు కదా అంటారా? నిజమే. మన దేశంలో అమ్మే మొబైల్ చార్జర్లకు బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆర్ అక్షరం, పక్కన గీత, తర్వాత ఎనిమిది అంకెలు ఉంటాయి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఏ కంపెనీ, ఏ వస్తువు అన్నది వస్తుంది. చార్జర్ మీద పేరుతో కలవకపోతే కొనకండి. నంబరే లేకపోతే అసలు ముట్టుకోకండి. ఎనిమిది మంది ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద బతికే రూముల్లో నాసిరకం చార్జర్ అంటే నిప్పుతో ఆట.

జీవో నంబర్ 3 గురించి మాట్లాడాల్సిన గ్రూపులో ఈ చార్జర్ గోల ఏటి అని కొందరు అనొచ్చు. మేమూ అదే అడుగుతున్నాం. 2020లో సుప్రీంకోర్టు ఆ జీవో కొట్టేశాక మన ఏరియా టీచర్ పోస్టులకు కూడా బయటివాళ్లతో పోటీ పడాల్సి వచ్చింది. ఆ పోటీకి మనలో చాలామంది చదివేది ఈ ట్యాబ్‌ల మీదే, ఈ రెండు గంటల కరెంటుతోనే. 2022 డిసెంబరులో మన రాష్ట్రంలో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చారు. మన తమ్ముళ్లు, చెల్లెళ్లు కూడా తీసుకున్నారు. ట్యాబ్ ఇవ్వడంతో పని అయిపోదు. చార్జర్ పోతే సరైనది మళ్లీ ఇవ్వాలి, హాస్టల్ రూముల్లో మనుషులకు తగ్గ ప్లగ్ పాయింట్లు ఉండాలి. మేము ఎనిమిది మందిమి సంతకాలు పెట్టి మా వార్డెన్ సార్‌కి అర్జీ ఇచ్చాం. ఇంకా జవాబు రాలేదు. వచ్చేదాకా అడుగుతాం. మీ హాస్టళ్లలో మీరూ అడగండి.

ఆ తమ్ముడు పెట్టె తాళం తీశాడు. నలుగురం తలా కొంచెం వేసుకుని నంబరు చూసి ఒక చార్జర్ కొన్నాం. మీ రూములో కూడా ఎవరి ట్యాబైనా ట్రంకుపెట్టెలో ఉందేమో అడగండి. ఉంటే ముందు దాని చార్జర్ తిప్పి చూడండి.

జై ఆదివాసీ.