ర్యాంకెంత అని అడిగే నోళ్లు బకాయెంత అని అడగవేం?

మన పిల్లలు కాలేజీలో కాలు పెట్టిన మొదటి వారంలోనే ఒక ప్రశ్న ఎదురొస్తుంది. "నీ ర్యాంకెంత?" అది దేనికోసం అడుగుతున్నారో అడిగినోడికీ తెలుసు, చెప్పినోడికీ తెలుసు. కులం పేరు నోటితో అడిగితే గొడవవుతుంది గనక అంకెల్లో అడుగుతున్నారు. ఊళ్లో ఇంటిపేరు అడిగి, ఏ బజారని అడిగి ఆరా తీసే బుద్ధే కాలేజీకొచ్చి ఇంగ్లీషు నేర్చుకుంది.

సరే, ర్యాంకు సంగతే మాట్లాడదాం. కన్వీనరు కోటాలో ఎస్సీలకు 15 శాతం సీట్లు. కాలేజీ మేనేజిమెంటు చేతిలో 30 శాతం. ఆ 30 శాతంలో చేరిన బాబును ఎవరన్నా నిలబెట్టి నీ ర్యాంకెంత అని అడిగారా? అడగరు. డబ్బుతో కొంటే సీటు, హక్కుతో వస్తే బిచ్చమా? ఇదెక్కడి మెరిటయ్యా?

ఈ ఏడు మా గూడెం నుంచి ఒక పిల్ల కంప్యూటరు ఇంజనీరింగులో చేరింది. తల్లి మిరపకోతలకు పోతుంది, తండ్రి తాపీమేస్త్రీల దగ్గర కూలి. ఐదో తరగతిలో గురుకులంలో వదిలొచ్చిన రోజు ఆ తల్లి అన్నం ముట్టలేదు. ఇంటరు దాకా పిల్ల అక్కడే పెరిగింది. సెలవులకొస్తే తల్లితోపాటు కల్లంలో తాలుకాయలు ఏరింది. ఆ ఘాటుకు దగ్గుతూనే ఎంట్రన్సుకు చదివింది. కార్పొరేటు కాలేజీకి లక్షలు పోసి రుద్దించుకున్న పిల్లాడినీ ఈ పిల్లనూ ఒకే తక్కెడలో తూచే పెద్దమనుషులారా, ఆ తాలుకాయల బస్తా కూడా తక్కెడలో వెయ్యండి మరి!

ఏం కావాలనుందమ్మా అని అడిగాం. "ఉద్యోగం రాగానే అమ్మను కోతలు మాన్పిస్తా సార్" అంది. కాసేపాగి, పైచదువు కూడా చదవాలనుందంది. ఆ రెండో మాటకు గొంతు తగ్గింది. ఆశపడటానికి కూడా ఎవరినో అడగాలన్నట్టు. ఆ గొంతు తగ్గించిందెవరు?

ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్ జిల్లాలో ఒక దళిత కూలి కొడుకు 2024లో ధన్‌బాద్ ఐఐటీలో సీటు తెచ్చుకున్నాడు. 17,500 రూపాయలు జూన్ 24 సాయంత్రం 5 గంటల్లోపు కట్టాలి. డబ్బు కూడేసరికి నిమిషాలే మిగిలాయి, కట్టేలోగా గడువు మూసుకుపోయింది. జార్ఖండ్ పోయాడు, మద్రాసు పోయాడు. చివరికి సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు అదనంగా ఒక సీటు వేసి చేర్చుకోమంది. ర్యాంకు ఉన్నోడే, లేనిదల్లా 17,500. ఢిల్లీ దాకా పోగలిగాడు గనక పేపర్లో పడ్డాడు. పోలేనోళ్ల లెక్క ఎవరి దగ్గరుంది?

ఇక్కడ ఫీజు రీయింబర్స్‌మెంటు ఉందిగా అంటారు. ఉంది. సర్కారు కాలేజీకి వేళకు కట్టదు. కాలేజీ సర్కారు కాలరు పట్టుకోలేక మన పిల్లల సర్టిఫికెట్లు పట్టుకుంటుంది. "ముందు మీరు కట్టండి, గవర్నమెంటు ఇచ్చాక తిరిగిస్తాం" అంటుంది. 2025 నవంబరులో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం బందు పెట్టాయి. యజమానులకు బందు ఉంది, పిల్లకేముంది? నాలుగేళ్లు చదివి ఉద్యోగం కాగితం చేతికొచ్చిన రోజున మెమోలు కాలేజీ బీరువాలో ఉంటే ఆ ఉద్యోగం ఈమె కోసం ఆగుతుందా? వెనకటికి దొర దగ్గర జీతమున్నోడు అప్పు తీరేదాకా కదలగూడదు. కనీసం ఆ అప్పు వాడి పేరు మీదుండేది. ఇప్పుడు అప్పు సర్కారుది, తాకట్టు మన పిల్ల!

ఎస్సీ విద్యార్థుల స్కాలర్‌షిప్పు 1944లో మొదలైంది, బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్లో ఉన్న కాలంలో, ఆయన పట్టుబట్టినందువల్ల. దాని మీద బొమ్మ వేసుకునే హక్కు ఏ ముఖ్యమంత్రికీ లేదు.

అన్నలారా, అక్కలారా, అడ్మిషను రోజున పిల్లను ఒంటరిగా పంపకండి. సంఘం నుంచి ఇద్దరు వెంట పోవాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు సరిచూసి తిరిగిచ్చేయాలని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ ఉత్తర్వు జిరాక్సు జేబులో పెట్టుకోండి. చదువు అయిపోయాక ఇవ్వనంటే, ఎందుకివ్వరో కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. నోటితో గదమాయించే వాళ్లు సంతకం దగ్గర నీళ్లు నములుతారు. పెట్టకపోతే మీ దరఖాస్తు నకలు ఒకటి జిల్లా కలెక్టరుకు ఇచ్చి రసీదు తీసుకోండి, ఇంకొకటి మాకు పంపండి. ఏ కాలేజీ బీరువాలో ఎందరు పిల్లల కాగితాలున్నాయో వచ్చే పక్షం నుంచి ఈ పేజీలోనే అచ్చేస్తాం.